జనగామ దగ్గర ఎర్ర చెల్క, అడుగున్నర కింద బండ: ఇది ఏ రకం నేల, మామిడి పెట్టొచ్చా?

ముందు మామిడి సంగతి చెప్పేస్తా: పెట్టకండి, కనీసం అడుగున్నరకే బండ తగిలిన చోట పెట్టకండి. ఇక నేల సంగతి. మీరు రాసిందాన్ని బట్టి రెండెకరాల ఎర్ర నేల కొన్నారు, భూసార కార్డులో అన్నీ బాగానే ఉన్నాయి, మొక్కలకు గుంతలు తీయిస్తే అడుగున్నరకే గడ్డపార ఖంగుమంది, అమ్మినాయన మాత్రం "మంచి చెల్క సార్" అంటున్నాడు. ఆయన అబద్ధమేం చెప్పలేదు. అది చెల్కే, అంటే ఇసుక కలిసిన ఎర్ర నేలే. కాకపోతే ఎంత మందం చెల్క అన్నది మీరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మాది వర్ధన్నపేట వైపు, నాలుగెకరాలు ఒకటే ముక్క. ఒక ఏడు మొత్తం పత్తి వేశాం. వాన ఆగిన ఎనిమిదో రోజుకే పైన ఉన్న ఎకరం పావు తలలు వేలాడేసింది, కింద మిగిలినదంతా మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడింది. ఒకటే విత్తనం, ఒకటే ఎరువు. మందుల షాపులో చెట్టు పీకి చూపిస్తే వేరుకుళ్ళు అని మొదళ్ళలో పోయడానికి మందిచ్చారు, రెండుసార్లు పోశా, పైసలు పోయాయి తప్ప చెట్టు లేవలేదు. చివరికి విసుగొచ్చి పార పట్టుకుని తవ్వితే 14 అంగుళాలకు పరుపు బండ. మా బాపు గట్టు మీద కూర్చుని చూస్తూ, "అది బండ మీది చెల్క బిడ్డా, దానికి వాన ఎక్కువైనా రంధే, తక్కువైనా రంధే" అన్నాడు. ముందే చెప్పొచ్చు కదా అంటే "నువ్వు అడిగినవా" అన్నాడు. ఏం మాట్లాడతాం.

కార్డులో ఇది ఎందుకు లేదంటే, ఆ పరీక్షకు మట్టి తీసేది పైన 15 సెంటీమీటర్ల నుంచే. ఉదజని సూచిక (పీహెచ్), సేంద్రియ కర్బనం, భాస్వరం, పొటాష్ లాంటివి ఉంటాయి, లోతు ఉండదు. పైగా భూసార కార్డుల పథకంలో వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు, అంటే దాదాపు పాతికెకరాలకు ఒక నమూనా లెక్కన తీశారు, కాబట్టి మీ కార్డు మీద ఉన్న మట్టి పక్కాయన పొలంలోది కూడా కావచ్చు. మన దగ్గర ఇది చిన్న తేడా కాదు, ఒకే పొలంలో ఒక మూల అడుగు లోతు, వంద గజాల అవతల నాలుగడుగులు ఉంటుంది.

కారణం కింద ఉన్న రాయి. వరంగల్, జనగామ చుట్టూ ఎక్కువ భాగం గ్రానైటు, నైస్ రాళ్ళే (ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి కదా, కోటలో ఆ ఒక్క గుట్టను చూస్తే పేరు ఎక్కడిదో తెలుస్తుంది). గ్రానైటు చివికినప్పుడు అందులోని స్ఫటికం (క్వార్ట్జ్) కరగదు, ముతక ఇసుకగా మిగిలిపోతుంది. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారుతుంది, నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పు పట్టి ఎరుపు తెస్తుంది. ఎత్తు మీద మట్టి నిలవక వానకు కొట్టుకుపోతుంది, అందుకే అక్కడ పలచని ఎర్ర నేల, వాలు మధ్యలో కాస్త లోతు చెల్క, సున్నం లాంటి లవణాలూ బంకా దిగిపోయి చేరిన పల్లంలో, చెరువు దగ్గర, నల్లరేగడి. ఊళ్ళో ఏ రైతునడిగినా ఈ వరుస చెప్తాడు.

ఇక మీ నేల రకం మీరే తేల్చుకోవచ్చు. పొలంలో పైన, మధ్యలో, కింద మూడు గుంతలు తీయించండి, మనిషి దిగి నిలబడేంత వెడల్పు ఉండాలి, జేసీబీ అయితే గంట పని. తడి మట్టిని ముద్ద చేసి బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలాగా నొక్కండి. అంగుళం లోపే తెగిపోయి, వేళ్ళ మధ్య గరగరలాడితే అది ఇసుక పాలు ఎక్కువున్న గరప (గరప అంటే ఇసుక, ఒండ్రు, బంక కలిసిన మట్టి). రెండంగుళాల దాకా సాగితే బంక గరప. చాలా చెల్కల్లో పైన మొదటిది, అడుగు కింద రెండోది ఉంటుంది, ఎందుకంటే వాన నీటితో పాటు సన్న బంక కిందికి దిగి పేరుకుంటుంది. కింది పెడ్డను విరిచి ఎండలో చూస్తే అంచుల మీద మైనం రాసినట్టు మెరుపు కనిపిస్తుంది, అదే ఆ దిగిన బంక.

శాస్త్రవేత్తల పేర్లన్నీ ఈ గుంతలో కనిపించేదాని మీదే ఉంటాయి. బంక పేరుకున్న పొర ఉండి, మట్టిలో క్షారాలు (కాల్షియం, మెగ్నీషియం లాంటివి) మరీ కడిగేసుకుపోకుండా ఉంటే ఆల్ఫిసాల్. అమెరికా వర్గీకరణలో ఉన్న 12 పెద్ద తరగతుల్లో ఇదొకటి, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఎర్ర నేలలు ఈ కోవలోవే. ఆ పొర లేకుండా రంగు, కట్టు మాత్రం కాస్త మారి ఉంటే ఇన్సెప్టిసాల్. అదీ లేదు, రాయి మీద ఊరికే మట్టి పరిచినట్టుంటే ఎంటిసాల్. ఆ పేరు మధ్యలో "ఉస్ట్" అని వస్తే, ఏడాదిలో చాలా రోజులు ఎండిపోయినా పంట కాలంలో తడి ఉండే నేల అని అర్థం, అంటే మన వర్షాధార భూమే. గట్టి బండ 50 సెంటీమీటర్ల లోపే తగిలితే పేరు ముందు "లిథిక్" అని పెడతారు. నా ఎకరం పావులో ఆ మెరుపు పొర లేదు, కాబట్టి నాకు తెలిసినంతలో అది లిథిక్ హాప్లస్టెప్ట్, అంటే బండ దగ్గరగా ఉన్న వర్షాధార ఇన్సెప్టిసాల్. మా బాపు పెట్టిన పేరూ అదే కదా, బండ మీది చెల్క.

ఇక్కడ ఒక్కటి జాగ్రత్తగా చూడండి: అడుగున తగిలింది బండా, మొరమా? గడ్డపార ఎగిరిపడి, చేతులు జివ్వుమని, నెర్రెలు జానెడు దూరానికి ఒకటి కూడా లేకపోతే అది బండ, వేరు దిగదు. కష్టపడితే పారకు పెచ్చులుగా ఊడొస్తే అది చివికిన రాయి, మన మొరం, నెర్రెల్లోంచి వేర్లు, నీళ్ళు కొంత దిగుతాయి. అడుగున్నర మట్టి, కింద మూడడుగుల మొరం ఉన్న చోట నేను కంది చెట్లు దర్జాగా నిలబడటం చూశా.

లోతు అంత ముఖ్యమెందుకో లెక్క చూడండి. ఇసుక గరప అడుగు మందానికి పైరు పీల్చుకోగల నీరు 35 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. నా 14 అంగుళాలకు 40, అందులో నాలుగో వంతు గులకరాళ్ళే కాబట్టి 30. పూత మీదున్న పత్తి రోజుకు 5 మిల్లీమీటర్లు తాగుతుంది. ఆరు రోజులు. ఎనిమిదో రోజు దాకా నిలబడ్డందుకు ఆ చెట్టుకే దండం పెట్టాలి. అదే ఒక్క రాత్రి 70 మిల్లీమీటర్లు కొడితే కిందికి దారి లేక నీళ్ళు బండ మీదే నిలిచి, వేర్లకు గాలాడక ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. నేను వేరుకుళ్ళు అనుకుని మోసపోయింది కూడా ఇందుకే, అంతకు ముందు వారం ముసురు పట్టి ఉండె.

ఇప్పుడు ఆ ఎకరం పావులో రెండున్నర నెలల లోపు చేతికొచ్చే పెసర వేస్తున్నా, బెట్ట తగిలినా పోయేది తక్కువ. మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీసినప్పుడు ఎకరానికి 40 ట్రాక్టర్ల మట్టి తోలించా, రవాణా ఖర్చు మాదే. దానితో లోతు పెరిగింది అంగుళం పైచిలుకే, కానీ బంక కలిసి తడి రెండు మూడు రోజులు ఎక్కువ ఆగుతోంది, వాన తర్వాత పైన పెచ్చు కట్టి మొలక రాకపోవడం కూడా తగ్గింది. వాలుకు అడ్డంగా దున్నడం, గట్టు వేయడం తప్పనిసరి, ఉన్న 14 అంగుళాల్లో ఒక్కటి పోయినా మళ్ళీ రాదు.

మీకు చెట్లే కావాలంటే మొరం ఉన్న చోట సీతాఫలం చూడండి, గుట్టల్లో రాళ్ళ సందుల్లో ఎవరూ నీళ్ళు పోయకుండానే కాస్తుంది. పరుపు బండ ఉన్న చోట అదీ వద్దు. కింది మూలన మూడడుగుల పైన మట్టి దొరికితే అప్పుడు మామిడి గురించి మాట్లాడుకుందాం. మూడు గుంతల లోతులు, అడుగున తగిలింది బండా మొరమా అన్నది ఇక్కడే రాయండి, చూసి చెప్తా.