అమ్మకు మాక్యులా సమస్య ఉంది, లూటీన్ మాత్రలు ఇవ్వవచ్చా?

మీ అమ్మగారికి మాక్యులా క్షీణత (కంటి వెనుక పొర అయిన రెటీనా మధ్యలో, స్పష్టమైన చూపునిచ్చే భాగం వయసుతో దెబ్బతినడం) ఉందని చెప్పారనీ, అమెరికాలోని బంధువులు పంపిన కంటి విటమిన్ మాత్రలు మొదలుపెట్టవచ్చా అనీ అడిగారు. ఆరేళ్ల క్రితం మా నాన్నగారి విషయంలో నేనూ ఇదే సందేహంతో తిరిగాను.

ముందుగా వ్యాధి ఏ దశలో ఉందో రెటీనా డాక్టరుగారిని అడగండి. అమెరికా జాతీయ నేత్ర సంస్థ నిర్వహించగా 2001లో ఫలితాలు వెలువడిన ఏరెడ్స్ అనే, వయసుతో వచ్చే కంటి జబ్బుల పరిశోధనలో, విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ (శరీరం విటమిన్ ఎగా మార్చుకునే పదార్థం), జింక్, రాగి కలిపిన మాత్రలు మధ్య దశలో ఉన్నవారికి, ఒక కంట్లో ఇప్పటికే వ్యాధి ముదిరినవారికి, అది ముదిరే ముప్పును ఐదేళ్లలో సుమారు 25 శాతం తగ్గించాయి. తొలి దశలో ఉన్నవారికి అటువంటి మేలు కనబడలేదు. పోయిన చూపును ఇవి తిరిగి తేలేవు, శుక్లాలనూ ఆపలేవు.

తరువాత సీసా మీది వివరాలు చదవండి. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. మా నాన్నగారు ముప్పై ఏళ్లు చుట్ట కాల్చి మానేసినవారు. మందుల దుకాణంలో ఇచ్చిన మాత్రల్లో బీటా కెరోటిన్ ఉన్నా, ఆయనకు పొగ అలవాటు ఉండేదా అని అక్కడ ఎవరూ అడగలేదు, అడగాలని నాకూ తెలియదు. రెండు నెలల తరువాత డాక్టరుగారు సీసా చూసి వెంటనే మాన్పించారు. పొగ తాగేవారిలో, తాగి మానేసినవారిలో కూడా బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతుందని అప్పుడే తెలిసింది. అందుకే 2013లో ఫలితాలు వచ్చిన రెండో ఏరెడ్స్‌లో దాని స్థానంలో ఆకుకూరల్లో ఉండే పసుపు వర్ణకాలైన లూటీన్ 10 మిల్లీగ్రాములు, జియాగ్జాంతిన్ 2 మిల్లీగ్రాములు పరీక్షించి, అవే మేలని తేల్చారు. ఒమేగా-3 చేర్చినా అదనపు లాభం రాలేదు కనుక దానికోసం విడిగా ఖర్చు పెట్టనక్కరలేదు.

ఈ మాత్రల్లో జింక్ 80 మిల్లీగ్రాముల వరకూ ఉంటుంది. పరగడుపున వేసుకుంటే నాన్నగారికి కడుపులో తిప్పేది, భోజనం తరువాత ఇస్తే సర్దుకుంది. అంత జింక్ శరీరంలో రాగిని తగ్గిస్తుంది కనుకనే రాగి కూడా కలుపుతారు; అమ్మగారు వాడే ఇతర మందుల జాబితా డాక్టరుగారికి తప్పక చూపించండి. పాలకూర, తోటకూర, గుడ్డులోని పచ్చసొన లూటీన్‌కు మంచి ఆధారాలే గాని, మాత్రలోని మోతాదుకు అవి బదులు కావు.

మాత్రలు వేసుకుంటున్నా రోజూ ఒక్కో కన్ను మూసి, కిటికీ ఊచలు నిటారుగానే కనిపిస్తున్నాయో లేదో చూడమనండి; వంకరగా కనిపిస్తే వ్యాధి ముదురుతోందని అనుమానించాలి. మొన్న వేసవిలో ఒక ఉదయం నాన్నగారికి ఊచలు వంకరగా కనిపించాయి. ఆలస్యం చేయకుండా తీసుకువెళ్లడం వల్ల ఆ వారంలోనే కంటికి ఇంజెక్షన్లు మొదలయ్యాయి.