కాలేజీ పాలసీ గ్రూపు నిలబడాలంటే: అమలాపురం తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, జాతీయ విద్యా విధానం మీద రిపోర్టు రాద్దామని మొదలుపెట్టిన మీ గ్రూపు రెండు మూడు మీటింగులకే చల్లబడిందని, ఆఫీసుల్లో లెక్కలూ ఇవ్వట్లేదని రాశావు. ఎంచుకున్న ప్రశ్నే మరీ పెద్దదని నాకనిపిస్తోంది. మీ చుట్టూ ఉన్నది తీసుకోండి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం (ఆ సీజన్‌లో సాగు మానేయడం) ప్రకటిస్తే, కారణాలు తేల్చడానికి ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా నేతృత్వంలో కమిటీ వేసింది. ఆ సిఫార్సుల్లో మీ మండలంలో ఏది ఎంతవరకు అమలైందో తేల్చడమే ఏడాది పని! రొయ్యల చెరువుల నీళ్లు ఏ డ్రెయిన్‌లోకి పోతున్నాయన్నది ఇంకోటి.

లెక్కల గురించి టెన్షన్ వద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఆ హక్కు పౌరులకే కాబట్టి గ్రూపు పేరుతో కాకుండా ఒక విద్యార్థి సొంత పేరుతో వేయాలి. "ఎందుకు చేయలేదు" అని అడిగితే తప్పించుకుంటారు. ఫలానా రికార్డు నకలు కావాలని అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు వేయొచ్చు.

ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయాక పని ఆగకుండా, వాళ్లతో పాటు సెకండియర్ వాళ్లనూ ఇప్పుడే పనిలోకి దించండి. రిపోర్టు తెలుగులో, నాలుగు పేజీల్లో ఉండాలి. ముందు ఆ ఊరి రైతులకు చదివి వినిపించి, వాళ్లు చెప్పిన సవరణలు చేశాకే డ్రెయిన్ల ఇంజినీరు చేతికివ్వండి.