రాత్రి ఇచ్చిన గ్రాంట్ పొద్దున్నకి ఎందుకు మాయమవుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సేల్స్ స్కీమాలో (టేబుల్స్‌ని ఒక గుంపుగా ఉంచే చోటు) ఉన్న టేబుల్స్ అన్నిటి మీదా రిపోర్ట్ యూజర్‌కి సెలెక్ట్, అంటే చదివే అనుమతి, గ్రాంట్ చేశారు. సాయంత్రం దాకా బానే నడిచింది. పొద్దున వచ్చి చూస్తే 'పర్మిషన్ డినైడ్ ఫర్ టేబుల్'. ఎవర్నడిగినా మేం రివోక్ చేయలేదు (ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోలేదు) అంటున్నారు.

ఎవరూ చేసుండరు లెండి. రాత్రి నడిచే లోడ్ జాబ్ ఏదైనా ఆ టేబుల్‌ని డ్రాప్ చేసి (అంటే పూర్తిగా తీసేసి) మళ్ళీ క్రియేట్ చేస్తోందేమో ముందు చూడండి. గ్రాంట్ ఉండేది టేబుల్ మీద, దాని పేరు మీద కాదు. అదే పేరుతో కొత్త టేబుల్ పుట్టినా పోస్ట్‌గ్రెస్‌కి అది ముక్కూమొహం తెలియని టేబులే. 'ఆల్ టేబుల్స్ ఇన్ స్కీమా' అన్న మాట చూసి మనం మోసపోతాం గానీ, ఆ కమాండ్ కొట్టిన క్షణానికి ఉన్న టేబుల్స్‌కే అది వర్తిస్తుంది. రేపు పుట్టబోయేవాటి ఊసు దానికి లేదు.

మా ఆఫీసులో ఇదే గొడవతో పది రోజులు కొట్టుకున్నాను. రోజూ పొద్దున్నే కాఫీ కన్నా ముందు గ్రాంట్ కొట్టడం నా డ్యూటీ అయిపోయింది. సంక్రాంతికి ఊరెళ్తే బస్సులో ఉండగానే అకౌంట్స్ నుంచి ఫోన్: "అన్నా, రిపోర్ట్ ఓపెన్ అవట్లేదు". నేను దొరకట్లేదని టీమ్‌లో ఒకతను రిపోర్ట్ యూజర్‌ని ఏకంగా సూపర్‌యూజర్ (అనుమతుల తనిఖీ లేని యూజర్) చేసేశాడు. ఎర్రర్ పోయింది, నిజమే. కానీ బ్రాంచ్‌లవారీగా రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరుసలు కనపడాలో చెప్పే పాలసీలు) పెట్టిన టేబుల్ ఒకటుంది మా దగ్గర. సూపర్‌యూజర్‌కి ఆ పాలసీలేవీ వర్తించవు. ఒక బ్రాంచ్ వాళ్ళ రిపోర్టులో అన్ని బ్రాంచ్‌ల లెక్కలూ వచ్చి కూర్చున్నాయి. పండగ తర్వాత ఆ పంచాయితీ ఎలా నడిచిందో ఇక్కడ వద్దు. మీరు మాత్రం ఆ దారి పట్టకండి.

తిరిగొచ్చాక 'ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్' పెట్టాను. ఇకపై పుట్టే టేబుల్స్‌కి గ్రాంట్ దానంతటదే వస్తుందని దాని వాగ్దానం. మర్నాడు పొద్దున మళ్ళీ అదే ఎర్రర్! ఎందుకంటే ఆ కమాండ్‌ని నేను అడ్మిన్ లాగిన్‌తో కొట్టాను, రాత్రి టేబుల్‌ని సృష్టించేదేమో లోడర్ అనే రోల్ (పోస్ట్‌గ్రెస్‌లో యూజర్నైనా గ్రూపునైనా రోల్ అనే అంటారు). డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఎవరి పేరు మీద పెడితే వాళ్ళు సృష్టించినవాటికే వర్తిస్తాయి. లోడర్‌ని అడ్మిన్ గ్రూపులో మెంబర్‌గా చేర్చినా లాభం లేదు, అవి గ్రూపు నుంచి సంక్రమించవు. అందుకని 'ఫర్ రోల్ లోడర్' అని కలిపి ఇలా కొట్టాలి: ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ ఫర్ రోల్ లోడర్ ఇన్ స్కీమా సేల్స్ గ్రాంట్ సెలెక్ట్ ఆన్ టేబుల్స్ టు రిపోర్ట్. దాంతోపాటు, ఇప్పటికే ఉన్న టేబుల్స్‌కి పాత గ్రాంట్ ఇంకోసారి ఇవ్వండి, డిఫాల్ట్ వాటిని ముట్టుకోదు.

సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి పీఎస్‌క్యూఎల్‌లో (పోస్ట్‌గ్రెస్‌కి కమాండ్లు కొట్టే టూల్) బ్యాక్‌స్లాష్ డీపీ కొట్టి, పక్కన టేబుల్ పేరు ఇవ్వండి. యాక్సెస్ ప్రివిలేజెస్ అనే కాలమ్‌లో 'రిపోర్ట్ ఈక్వల్స్ ఆర్ స్లాష్ లోడర్' లాంటి ముక్క కనపడాలి. ఈక్వల్స్‌కి ముందున్నది పుచ్చుకున్నవాళ్ళు, స్లాష్ తర్వాతది ఇచ్చినవాళ్ళు, మధ్యలో ఆర్ అంటే రీడ్. (ఇన్సర్ట్‌కి ఐ కాదు, ఏ. అపెండ్ అట. నాకిప్పటికీ ఒక్కోసారి తికమకే.) ఆ కాలమ్ మొత్తం ఖాళీగా ఉంటే ఓనర్‌కి తప్ప మామూలు యూజర్లకి ఏమీ లేనట్టే. డిఫాల్ట్స్ ఎవరి పేరు మీద ఉన్నాయో చూడాలంటే బ్యాక్‌స్లాష్ డీడీపీ.

జాబ్ మీ చేతిలోనే ఉంటే డ్రాప్ బదులు ట్రంకేట్ (టేబుల్‌ని ఉంచి లోపలి డేటాని మాత్రం ఖాళీ చేసేది) వాడితే అసలు ఈ తలనొప్పే ఉండదు, టేబుల్ అదే కాబట్టి గ్రాంట్లూ ఉంటాయి. కాకపోతే ట్రంకేట్, లోడ్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే కమిట్ అయ్యేదాకా చదివేవాళ్ళు ఆగాలి. మాది తెల్లవారుజామున మూడింటికి నడుస్తుంది, ఆ టైముకి రిపోర్టు చూసే మహానుభావులెవరూ లేరు.

ఇంకో చిన్న సంగతి. స్కీమా మీద యూసేజ్ (స్కీమా లోపలికి వెళ్ళే అనుమతి) లేకపోతే టేబుల్ గ్రాంట్ ఎన్నిసార్లిచ్చినా దండగే. పైగా, స్కీమా పేరు రాయకుండా ఉత్త టేబుల్ పేరు వాడితే 'పర్మిషన్ డినైడ్' అని కూడా రాదు, 'రిలేషన్ డజ్ నాట్ ఎగ్జిస్ట్' అంటుంది. కళ్ళెదుట ఉన్న టేబుల్ లేదంటుంటే మనకి పిచ్చెక్కుతుంది. ఏ ఎర్రరూ లేకుండా సున్నా వరుసలు వస్తుంటే అది గ్రాంట్ సమస్య కాదు, రో లెవెల్ సెక్యూరిటీ వైపు వెతకండి.

టెస్ట్ చేసేటప్పుడు మీ అడ్మిన్ లాగిన్‌తో చేయొద్దు. 'సెట్ రోల్ రిపోర్ట్' అని మారి సెలెక్ట్ కొట్టండి. అయినా రాకపోతే బ్యాక్‌స్లాష్ డీటీ కొట్టి ఓనర్ కాలమ్‌లో ఎవరి పేరుందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.