కుక్క వణికింది మనీ ప్లాంట్ వల్ల కాదు

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. కొత్తింటి వసారాలో, హాల్లో కలిపి పది కుండీలు పెట్టాం. మనీ ప్లాంట్, ఎరికా పామ్, స్నేక్ ప్లాంట్, ఒక సైకాస్, ఇంకా కరివేపాకు. మొక్కలు అమ్మినాయన చెప్పాడని కుండీకి గుప్పెడు ఎముకల పొడి, చెంచాడు వరి గుళికలు (వరి పొలంలో పురుగుకు చల్లే మందు) కలిపి వేశాం. మూడోరోజు మా కుక్కకు (ఎనిమిది నెలలు, 14 కిలోలు ఉంటుంది) చొంగ కారింది, వాంతులయ్యాయి, ఒళ్లంతా వణికి పడిపోయింది. పడుకున్నచోటే తడిపేసింది. డాక్టరు గారు ఇంజెక్షన్లు చేశాక సాయంత్రానికి లేచింది. అది మనీ ప్లాంట్ ఆకులు కొరకడం చూశాం, దానివల్లే అనుకుంటున్నాం. పిచ్చి కుక్కేమోనని పక్కింటివాళ్లకు టెన్షన్. కుక్క ఉన్న ఇంట్లో ఏ మొక్కలు పెట్టుకోవచ్చు?
– ఒక రైతు, విజయనగరం జిల్లా

సలహా: మీ ప్రశ్నలోనే జవాబు ఉంది, మీరు గమనించలేదు. మనీ ప్లాంట్ కొరికితే నోరు మండుతుంది, చొంగ కారుతుంది, కుక్క కాళ్లతో మూతి గీరుకుంటుంది, ఒకటి రెండుసార్లు కక్కుకోవచ్చు. అంతే. పచ్చి కంద కోసినప్పుడు చేతులు దురద పెట్టేది ఏ పదార్థం వల్లనో, ఇందులోనూ అదే. దానికి ఒళ్లు వణకడం, పడిపోవడం, తెలియకుండా తడిపేయడం ఉండవు. ఆ లక్షణాలు గుళికల మందువి. డాక్టరు గారు కంటిపాప చూసే ఉంటారు, ఈ విషానికి అది సూదిమొనంత అయిపోతుంది.

జరిగింది ఇదీ. ఎముకల పొడి వాసనకు కుక్క మట్టి తవ్వింది, పొడితోపాటు గుళికలూ నాకేసింది. మొక్క పక్కన విషం పెట్టి, దానికి ఎర కూడా మీరే కలిపారు. వరి గుళికలంటే సాధారణంగా కార్బోఫ్యూరాన్ 3జీ. అది పొలానికి ఇచ్చిన మందు, హాల్లో కుండీకి కాదు. ఫోరేట్ అనే మరో గుళికల మందు పాత డబ్బా అయితే ఇంకా ఘోరం, దాన్ని 2020 డిసెంబరు 31తో నిషేధించారు. అమ్మేవాడికి మొక్క మూడు నెలలు పచ్చగా ఉంటే చాలు. మీ ఇంట్లో కుక్క ఉందా, పాకే పిల్లాడు ఉన్నాడా అని ఆయన అడిగాడా? ఆ మొక్కలకు పురుగు పట్టిందని ఎవరైనా చూశారా?

పిచ్చి అన్న భయం వద్దు. రేబిస్ లక్షణాలు బయటపడిన కుక్క ఇంజెక్షన్‌తో సాయంత్రానికి లేవదు. అయితే టీకా సంగతి మీరు రాయలేదు. మూడు నెలల వయసులో మొదటిది, డాక్టరు చెప్పిన తేదీకి బూస్టర్, ఆపైన ఏటా. వేయించకపోతే కుక్క పూర్తిగా కోలుకోగానే తీసుకెళ్లండి. ఏ కారణంగానైనా సరే, చొంగ కార్చే కుక్క నోట్లో చెయ్యి మాత్రం పెట్టకండి.

ఇప్పుడు కుండీలు. పై మట్టి గీకితే సరిపోదు, నెలల తరబడి మందు నిలుస్తుంది. చేతికి తొడుగులు వేసుకుని మట్టంతా తీసి, చెరువుకూ బావికీ దూరంగా లోతైన గోతిలో పూడ్చండి. పెంట మీద పోస్తే కోళ్లు ఏరుకుతిని చస్తాయి, పిట్టలకు ఒకటి రెండు గుళికలే ఎక్కువ. వేర్లు కడిగి కొత్త మట్టిలో నాటండి. 12 అంగుళాల కుండీకి రెండు నెలలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు చాలు. ఎముకల పొడి, చేపల వ్యర్థం, ఆముదం పిండి కుక్క ఉన్న ఇంట్లో వద్దు. ఆముదం పిండిలో రిసిన్ అనే విషం మిగిలి ఉండొచ్చు, పైగా దాని రుచి కుక్కకు ఇష్టం. కుండీ పైన రెండంగుళాల మందాన గులకరాళ్లు పరిస్తే తవ్వడం తగ్గుతుంది. పిండినల్లి కనిపిస్తేనే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి, కుండీని ఆరుబయట పెట్టి కొట్టండి. ఆకు ఆరేదాకా కుక్కను కట్టేయండి.

ఇక మీరు అడిగిన మొక్కలు. మీ ఇంట్లో అసలు ప్రమాదం సైకాస్. చూడ్డానికి పామ్‌లాగే ఉంటుంది, పేరు కూడా సాగో పామ్ అంటారు, కానీ అది పామ్ జాతి కానే కాదు. మొక్కంతా విషమే, గింజ మరీను. ఒకటి రెండు గింజలకే కుక్క ప్రాణం పోవచ్చు. మొదటిరోజు వాంతులు తగ్గి తేరుకున్నట్టు కనిపిస్తుంది, రెండు మూడు రోజులకు కాలేయం దెబ్బతింటుంది. ఈరోజే తీసేయండి. గన్నేరు, పచ్చ గన్నేరు, ఎడీనియం గుండె మీద పనిచేస్తాయి, పెరట్లో కూడా వద్దు. మనీ ప్లాంట్, డైఫెన్‌బేకియా, సింగోనియం, పీస్ లిల్లీ నోరు వాచేలా చేస్తాయి. స్నేక్ ప్లాంట్, కలబందలతో వాంతులు, విరేచనాలు. వీటిని అందనంత ఎత్తున వేలాడదీసినా రాలిన ఆకు కిందకే వస్తుంది.

ఎరికా పామ్ నిశ్చింతగా ఉంచుకోండి. స్పైడర్ ప్లాంట్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, పెపరోమియా హాల్లోకి మంచివి. వసారాలో ఎండ తగిలేచోట గులాబీ, మల్లె, మన ఎర్ర మందారం, తులసి. విషం లేదన్నామని కుక్కకు మేత అనుకోవద్దు, ఏ ఆకైనా గంపెడు తింటే కక్కుకుంటుంది.

మళ్లీ ఇలా జరిగితే ఉప్పునీళ్లు, చింతపండు రసం, నూనె పోయకండి. వణికే కుక్కకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కక్కించే పని గంట రెండు గంటల్లోపే పనికొస్తుంది, అదీ డాక్టరు చేతుల్లోనే. మందు ప్యాకెట్టు, కొరికిన ఆకు వెంట తీసుకెళ్లండి, ఏ మందో తెలిస్తే వైద్యం తేలిక. గరివిడి పశువైద్య కళాశాల మీకు పక్కనే ఉంది. బండి దొరక్కపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

కరివేపాకు సంగతి మీరు అడగలేదు. గుళికల మందు వేర్లలోంచి ఆకుల్లోకి ఎక్కుతుంది. ఆ కుండీలో రెమ్మ ఒక్కటి కూడా పోపులో వేయకండి, మొక్కను పీకేసి కొత్తది పెట్టుకోండి.