దవడ ఇంకా కదులుతుంటే ఆపరేషన్‌కి తేదీ పెట్టకండి

ప్రశ్న: నా వయసు 25. మాది రాజోలు దగ్గర పల్లె. చిన్నప్పట్నుంచీ కింది దవడ కొంచెం ముందుకే ఉండేది. రెండేళ్ల నుంచి గడ్డం కుడివైపుకి వాలుతోంది. ముందు పళ్లతో జామకాయ కొరకలేకపోతున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మాఘమాసంలో ముహూర్తం పెట్టుకునేలోపు దవడ ఆపరేషన్ అయిపోతుందా? ముఖం మీద మచ్చ పడుతుందా? ఎన్నాళ్లు సెలవు పెట్టాలి? బుగ్గలు పీక్కుపోయాయని అమ్మ మెడికల్ షాపులో అడిగి తెచ్చిన మాత్రలు నాలుగు నెలలుగా వాడుతున్నాను, ఒళ్లు కాస్త వచ్చింది. దవడ నొప్పి పుడితే అక్కడే ఇంకో మాత్ర తెచ్చుకుంటాను.
– ఓ పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, మీరు అడిగింది ముహూర్తం గురించి. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టినవి రెండు. పాతికేళ్ల వయసులో దవడ ఇంకా వాలుతూ ఉండటం ఒకటి, నాలుగు నెలలుగా మీరు మింగుతున్న ఆ మాత్రలు రెండోది. ఈ రెండూ తేలాకే ఆపరేషన్ మాట. మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను కాబట్టి ఇక్కడ చెప్పేవి అనుమానాలే. నిర్ధారణ ఎదురుగా చూసిన డాక్టరు చేయాల్సిందే.

మాత్రల సంగతి ముందు చెబుతాను, అది ఆగేది కాదు. పెళ్లిచూపుల ముందు ఒళ్లు చేయాలని మెడికల్ షాపులో మాత్రలు అడిగి తెచ్చుకోవడం మన గోదావరి జిల్లాల్లో తరచూ చూస్తున్నాను. షీటులోంచి తీసి కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు, పేరూ ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉండదు. ఇలాంటి వాటిలో ఆకలి పెంచే సైప్రోహెప్టడిన్, దాంతోపాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. స్టెరాయిడ్‌కి నీరూ కొవ్వూ చేరి ముఖం గుండ్రంగా అవుతుంది. చూసినవాళ్లు బాగుందంటారు. లోపల షుగర్, బీపీ పెరుగుతాయి, నెలసరి తప్పొచ్చు, పుండు త్వరగా మానదు, ఎముక పలచబడుతుంది. దవడ ఎముకను కోసి, కొత్త చోట టైటానియం ప్లేట్లు, స్క్రూలతో బిగించి, అది అతుక్కునేదాకా కనిపెట్టుకుని ఉండే మాకు ఇది ఎంత ఇబ్బందో ఆలోచించండి. పైగా ఎముకను ఎన్ని మిల్లీమీటర్లు జరపాలో ముఖం కొలతలు, ఫొటోలు, ఎక్స్‌రేలు చూసే లెక్క వేస్తాం. ఉబ్బిన బుగ్గలు చూసి వేసిన లెక్క ఆ ఉబ్బు దిగాక తప్పుతుంది.

అలాగని రేపట్నుంచి టక్కున మానేయకండి. స్టెరాయిడ్ కొన్ని వారాలపాటు బయటి నుంచి అందుతుంటే, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించేస్తాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, కళ్లు తిరగడం, లేవలేనంత నీరసం, బీపీ పడిపోవడం జరగొచ్చు. మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సంగతి తెలియకపోతే ఆపరేషన్ టేబుల్ మీద ప్రాణానికే ముప్పు. మిగిలిన మాత్రలు, ఆ పొట్లం కాగితం, బిల్లు ఉంటే అదీ పట్టుకుని ఈ వారంలోనే ఫిజీషియన్‌ని కలవండి. ఉదయం 8 గంటల ప్రాంతంలో కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోన్) పరీక్ష, షుగర్, బీపీ చూసి, మోతాదు ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. ఈలోగా వాంతులు పట్టుకున్నా, జ్వరం వచ్చినా ఇంట్లో కూర్చోవద్దు. ఆస్పత్రికి వెళ్లి, స్టెరాయిడ్ వాడి ఉండొచ్చని ముందుగా చెప్పండి. అమ్మగారిని తప్పుపట్టను, ఆవిడ మీ మంచి కోరే తెచ్చారు. ఉద్యోగం చేసుకుంటున్న మీరు నాలుగు నెలలు ఏ మందో అడక్కుండా మింగడమే నాకు నచ్చలేదు. నొప్పి మాత్ర పేరు కూడా రాసిపెట్టుకోండి, ఆస్పిరిన్ రకమైతే ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోతుంది. నోములకీ పెళ్లిళ్లకీ నెలసరి వాయిదా వేసే మాత్రలు వాడి ఉంటే అదీ దాచకండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పుతో వాటికి సంబంధం ఉంది.

ఇక దవడ. ఆడపిల్లల్లో దవడ ఎదుగుదల సాధారణంగా 17, 18 ఏళ్లకల్లా ఆగుతుంది, మగపిల్లల్లో ఇంకో రెండు మూడేళ్లు పట్టొచ్చు. 23 ఏళ్లు వచ్చాక గడ్డం కొత్తగా పక్కకి జరుగుతోందంటే కారణం వెతకాలి. చెవి ముందు దవడ కీలులో ఎముక తల ఉంటుంది, కాండైల్ అంటాం. అది ఒకవైపు అదనంగా పెరిగితే గడ్డం రెండోవైపుకి వాలుతుంది. మీది కుడికి వాలుతోంది కాబట్టి నా అనుమానం ఎడమ కాండైల్ మీద. వయసులో ఉన్న ఆడవాళ్లలో ఈ సమస్య ఎక్కువ చూస్తాం. పెరుగుదల ఇంకా సాగుతోందా లేదా అన్నది స్పెక్ట్ బోన్ స్కాన్‌లో చూస్తాం, కొన్ని నెలల తేడాతో తీసిన ఎక్స్‌రేలు పోల్చి చూస్తాం. అది ఆగకుండా దవడ సరిచేస్తే మళ్లీ వాలుతుంది, రెండో ఆపరేషన్ మీద పడుతుంది.

అరుదైనదే అయినా ఇంకొకటి వదిలేయలేను. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఎక్కువైనా పెద్ద వయసులో దవడ ముందుకొస్తుంది. చెప్పుల సైజు పెరిగిందా, పళ్ల మధ్య కొత్తగా సందులొచ్చాయా, తలనొప్పి, అతిగా చెమట ఉన్నాయా చూసుకోండి. వీటిలో ఏది ఉన్నా గ్రోత్ హార్మోన్ ఎక్కువైందేమో తెలిపే ఐజీఎఫ్-1 రక్తపరీక్ష గురించి ఫిజీషియన్‌ని అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు మీరు చేయగలిగిన పని ఒకటుంది. పదో తరగతి హాల్‌టికెట్, ఇంటర్ ఐడీ కార్డు, నిరుడు ఏదైనా పెళ్లిలో ఎదురుగా నిలబడి దిగిన ఫొటో వరసగా పెట్టండి. కనుబొమల మధ్య నుంచి ముక్కు మీదుగా కిందికి ఒక దారం నిటారుగా పట్టి, గడ్డం నడిమధ్య దానికి ఎంత పక్కన ఉందో చూడండి. సెల్ఫీలు కొన్ని ఫోన్లలో కుడి ఎడమలు తారుమారై వస్తాయి, అవి వద్దు. ఈ ఫొటోలు, పాత పళ్ల ఎక్స్‌రేలు ఏమైనా ఉంటే అవీ తీసుకెళ్లండి. నేనైతే మొదట అడిగేవి అవే.

మీ ప్రశ్నలకు వస్తే, మాఘానికి అవదు. మామూలుగా ఆపరేషన్‌కి ముందు ఏడాది, ఏడాదిన్నర పళ్లకు క్లిప్పులు ఉంటాయి, తర్వాత మళ్లీ ఆరు నెలల దాకా పట్టొచ్చు. క్లిప్పుల కన్నా ముందే ఆపరేషన్ చేసే పద్ధతి కొందరికే కుదురుతుంది. క్లిప్పులతో పళ్లు ఎముక మీద సరైన చోటుకి వచ్చేకొద్దీ కింది దవడ ఇంకా ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడే చాలామంది భయపడి మధ్యలో మానేస్తారు. అది చికిత్సలో భాగమే. పెళ్లి ముందా, చికిత్స ముందా అన్నది మీ ఇష్టం. పెళ్లిపీటల మీద క్లిప్పులు ఉంటే తప్పేం లేదు.

కోత నోటి లోపలే పెడతాం, బయట మచ్చ పెద్దగా ఉండదు. కాండైల్ మీద పని అవసరమైతే మాత్రం చెవి ముందు సన్నని గీత మిగలొచ్చు. కూర్చుని చేసే ఉద్యోగమైతే మూడు, నాలుగు వారాల సెలవు అనుకోండి. వాపు రెండు మూడు రోజులకి బాగా ఎక్కువై తర్వాత దిగుతుంది. ఆరు వారాలు నమిలే పని లేదు. జావ, మజ్జిగ, మిక్సీ పట్టిన పప్పన్నం, గుడ్డు, అంతే. ముల్లున్న చేప జోలికి వెళ్లొద్దు.

కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం గురించి మీరు అడగలేదు, సర్జన్‌ని తప్పకుండా అడగండి. దవడ ఎముక లోపల నరం ఉంటుంది. ఆపరేషన్ తర్వాత చారు గడ్డం మీద కారినా తెలియనంత తిమ్మిరి కొన్ని వారాలు, నెలలు ఉండటం మామూలే. కొద్దిమందికి కొంత తిమ్మిరి ఎప్పటికీ ఉండిపోతుంది. ఇది తెలిసి ఒప్పుకోవాలి. నిద్రలో గురక ఉంటే అదీ చెప్పండి. కింది దవడను వెనక్కి జరిపితే శ్వాస దారి ఇరుకయ్యే వీలుంది కాబట్టి పై దవడను ముందుకు తేవడం మేలేమో ఆలోచించాల్సి వస్తుంది.

చూపించుకునేటప్పుడు మాక్సిల్లోఫేషియల్ సర్జన్ (దవడ, ముఖం ఆపరేషన్లు చేసే డాక్టరు), ఆర్థోడాంటిస్ట్ (పళ్లకు క్లిప్పులు వేసే డాక్టరు) ఇద్దరూ కలిసి చూసేచోటికే వెళ్లండి. డెంటల్ కాలేజీల్లో రెండు విభాగాలూ ఒకేచోట ఉంటాయి, ఖర్చు కూడా కాస్త తగ్గొచ్చు. ప్లేట్ల ఖరీదుతో సహా అంచనా రాతపూర్వకంగా అడగండి. ఆపరేషన్ అక్కర్లేదు, కింద రెండు పళ్లు తీసి క్లిప్పులతో సర్దేస్తామని ఎవరన్నా చెప్తే వెంటనే ఒప్పుకోకండి. అలా కింది పళ్లను వెనక్కి లాగేశాక, రేపు ఆపరేషన్ కావాలంటే ఆ పళ్లను మళ్లీ ముందుకు తేవాలి. తీసేసిన పళ్లు తిరిగి రావు. ఆ ఇద్దరు డాక్టర్లూ కలిసి చూసి, స్కాన్ ఫలితం వచ్చేదాకా ఒక్క పన్ను కూడా తీయించుకోవద్దు.