48 వేల కిలోమీటర్లే తిరిగిందట, తీసుకోవచ్చా?

మీరు బెంగళూరు మారతహళ్ళిలో ఉంటానని, ఆఫీసు ఎనిమిది కిలోమీటర్లని, బడ్జెట్ మూడున్నర లక్షలని, 2015 స్విఫ్ట్ డీజిల్ ఒకటి నచ్చిందని, 48 వేలే తిరిగిందట తీసుకోవచ్చా అని అడిగారు కదా. బండి మంచిదే అండి, కానీ ఆ అంకె చూసి మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి.

నేను 2019లో బీటీఎంలో ఒక సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. మీటర్ మీద 41 వేలు, సింగిల్ ఓనర్, ఒంటి మీద గీత కూడా లేదు. రెండు నెలలు తిరక్కుండానే క్లచ్ పోయింది. మెకానిక్ ప్లేటు విప్పి చూపించాడు, అరిగి కాగితంలా అయిపోయింది. పాత ఓనరు రోజూ ట్రాఫిక్ జామ్‌లకు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ మీదుగా ఆఫీసుకు వెళ్ళేవాడట. అక్కడ గంటకు నాలుగు కిలోమీటర్లు కదిలినా ఇంజిన్ ఆ గంటంతా తిరుగుతూనే ఉంటుంది, ఎడమ కాలు క్లచ్ మీద నుంచి లేవదు, మీటర్‌లో అదేమీ కనిపించదు. అందుకే టెస్ట్ డ్రైవ్‌లో ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి స్పీడ్ పెరగట్లేదంటే క్లచ్ జారుతున్నట్టే. పొద్దున్నే వెళ్ళండి, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు బయటపడే లోపం దాచడానికేమో, మీరు వచ్చేలోపే ఒకసారి స్టార్ట్ చేశారన్నమాట.

ఇంకోటి, 2022 సెప్టెంబరు వానలకు బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు బేస్‌మెంట్లలో కార్లు మునిగాయి. మీరు చూసేది అలా మునిగిన కారేమో తెలియాలంటే సీట్‌బెల్ట్ చివరిదాకా లాగి చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి, సీటు కింద పట్టాలు తుప్పు పట్టాయేమో చూడండి. మా పిన్ని కొడుక్కి చూసిన కారులో బెల్ట్ చివర మట్టి చార కనిపించింది. అమ్మేవాడు ఎంత తగ్గిస్తానన్నా వినకుండా వచ్చేశాం.

నిజం చెప్పాలంటే రోజుకు పదహారు కిలోమీటర్లకు డీజిల్ మీకు వద్దు. డీజిల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లు గానీ టర్బో గానీ పాడైతే మైలేజీలో మిగిలింది మొత్తం అటే పోతుంది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేసింది కూడా. అదే స్విఫ్ట్ 1.2 పెట్రోల్ గానీ, గ్రాండ్ ఐ10 1.2 పెట్రోల్ గానీ చూడండి. రెండింటికీ ఇంజిన్ లోపల టైమింగ్ బెల్ట్ బదులు చైనే ఉంటుంది, బెల్ట్ మార్చే ఖర్చు ఉండదు, ఏ సందులో మెకానిక్ అయినా చేసేస్తాడు.

ఊళ్ళో చవకగా దొరుకుతుందని ఏపీ బండి తేవాలనుకుంటే, 12 నెలలు దాటి ఇక్కడ వాడితే కర్ణాటక లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి నంబరు మార్చుకోవాలి, ఆ లెక్క కూడా వేసుకోండి. కేఏ (కర్ణాటక) నంబరు బండి అయితే పేరు మార్పుకి ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ళ సంతకాలు తీసుకోండి, ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదకి మార్పించుకోండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు ఉంటే, లోన్ తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 చేతికొచ్చేదాకా మిగతా డబ్బు ఇవ్వొద్దు.

నేను వైట్‌ఫీల్డ్‌లోనే ఉంటాను. ఆదివారం పొద్దున చూడ్డానికి వెళ్తుంటే చెప్పండి, నేనూ వస్తాను.