సరిహద్దు తగవులో మౌనం కూడా సాక్ష్యమే

ప్రశ్న: ఒక ప్రాంతం కోసం రెండు పొరుగు దేశాలు తగవుపడుతున్నప్పుడు, ఎవరి దగ్గర పాత పటాలు, ఒప్పందాలు ఉంటే వారికే ఆ నేల ఇచ్చేయవచ్చు కదా? అంతర్జాతీయ న్యాయస్థానం ఉండగా ఈ వివాదాలు దశాబ్దాల తరబడి ఎందుకు సాగుతున్నాయి?

జవాబు: పాత కాగితానికి విలువ ఉంది గాని, దాన్ని అందుకున్న దేశం ఆ తరువాత ఎలా నడుచుకుందన్న దానికి ఒక్కోసారి అంతకంటె ఎక్కువ విలువ ఉంటుంది. థాయిలాండ్, కంబోడియాల మధ్య డాంగ్రెక్ కొండల అంచున ఉన్న ప్రీహ్ విహార్ శివాలయం వ్యాజ్యాన్నే చూడండి. అప్పటి సయాం దేశమూ (నేటి థాయిలాండ్), కంబోడియాను ఏలుతున్న ఫ్రాన్సూ 1904లో చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడ సరిహద్దు జలవిభాజక రేఖ వెంబడి, అంటే కొండ మీద పడిన వాననీరు చెరోవైపుకు వేరుపడే గట్టు వెంబడి సాగాలి. ఆ లెక్కన ఆలయం తనదేనని థాయిలాండ్ వాదించింది. అయితే సయాం కోరిక మీదనే ఫ్రెంచి అధికారులు గీసిన పటంలో ఆలయం కంబోడియా వైపు పడింది. 1908లో ఆ పటం చేతికి వచ్చినప్పుడు సయాం అభ్యంతరం చెప్పకపోగా, మరికొన్ని ప్రతులు పంపమని అడిగింది. 1930లో సయాం రాజవంశీకుడు డామ్రోంగ్ ఆలయాన్ని చూడవెళ్లినప్పుడు ఫ్రెంచి అధికారి తమ జెండా ఎగరేసి మరీ ఆహ్వానించినా, దాని మీద నిరసన రాలేదు. 1934-35లో జరిపిన సొంత సర్వేలో పటంలోని గీతకూ అసలు గట్టుకూ తేడా ఉందని తేలిన తరువాత కూడా సయాం ఆ పటాన్నే వాడుతూ వచ్చింది. మౌనం అర్ధాంగీకారమని మనం అంటాం. 1962లో న్యాయస్థానం దాన్ని పూర్తి అంగీకారంగానే లెక్కగట్టి, 9-3 మెజారిటీతో ఆలయాన్ని కంబోడియాకు ఇచ్చింది. ఒప్పందంలోని మాట కంటె పటంలోని గీత గెలవడం సబబేనా అన్న సందేహం నాకు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

సింగపూర్, మలేషియాల మధ్య నలిగిన పెడ్రా బ్రాంకా అనే చిన్న దీవి కథా ఇలాంటిదే. అది మొదట, నేటి మలేషియాలో భాగమైన జొహోర్ సుల్తానుదేనని న్యాయస్థానం ఒప్పుకుంది. కాని ఆ దీవి తమది కాదంటూ 1953లో జొహోర్ అధికారి ఒకరు సింగపూర్‌కు రాసిన జవాబునూ, ఆ తరువాత రెండు పక్షాలూ నడుచుకున్న తీరునూ చూసి, 2008లో దీవి సింగపూర్‌కే చెందుతుందని తీర్పు చెప్పింది.

ఇక రెండవ సంగతి. దేశంలోని కోర్టు సమన్లు పంపితే ప్రతివాది హాజరు కాక తప్పదు; అంతర్జాతీయ న్యాయస్థానానికి ఆ శక్తి లేదు. ముందుగానో అప్పటికప్పుడో రెండు దేశాలూ దాని అధికారానికి సమ్మతిస్తేనే అది వ్యాజ్యాన్ని విచారించగలదు. తీర్పు ఇచ్చాక కూడా, దాన్ని అమలు చేయించే బలగమేదీ దాని చేతిలో లేదు. ఓడిన దేశం పాటించకపోతే గెలిచిన దేశం భద్రతామండలిని ఆశ్రయించవచ్చు. ఆఫ్రికాలోని బకాసీ ద్వీపకల్పం నైజీరియాది కాదు, కామెరూన్‌దేనని 2002లో తీర్పు వచ్చిన తరువాత, ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వంతో 2006లో వేరే ఒడంబడిక కుదిరితే గాని నైజీరియా సైన్యం అక్కడి నుంచి కదలలేదు.

ప్రీహ్ విహార్ తీర్పు కూడా ఆలయం ఎవరిదో చెప్పింది గాని, చుట్టూ ఉన్న నేల సంగతి పూర్తిగా తేల్చలేదు. అందుకే 2011లో అక్కడ కాల్పులు జరిగాయి. 2013లో న్యాయస్థానం తన పాత తీర్పును మళ్లీ వివరించవలసి వచ్చింది. సరిహద్దులోని మరికొన్ని చోట్ల గురించి 2025లో కంబోడియా మళ్లీ న్యాయస్థానం మాట ఎత్తగా, దాని అధికారాన్ని అంగీకరించబోమనీ, ఇద్దరమే మాట్లాడుకుందామనీ థాయిలాండ్ బదులిచ్చింది. ఆ జులైలోనే రెండు సైన్యాల మధ్య అయిదు రోజులు పోరు సాగింది.